తొడిమె

గేటు కాడ తెల్ల కోట్లు ఇచ్చిండ్రు, నెత్తికి వల టోపీలు,
బూట్ల మీదికి నీలం సంచులు.
హన్మకొండ నుంచి ఇరవై రెండు మందిమి,
ఎంబీఏ రెండో సంవత్సరం,
వరుసగ నిలబడితే
ఆపరేషన్ థియేటర్ల తప్పిపోయిన పెండ్లివారి లెక్క ఉన్నం.

రాటర్‌డ్యామ్ రేవు పక్కన, మిరప రంగు తీసే కంపెనీ.
నాలుగో రోజు. మూడో కంపెనీ.
మొదటి దాంట్ల పూలు వేలమేసిండ్రు,
రెండో దాంట్ల చీజు తినిపించిండ్రు.
ఇక్కడ అడుగు పెట్టంగనే నాకేదో తక్కువైంది.
కాసేపటికి సమజైంది:
వాసన లేదు.

ఎనుమాముల యార్డుల ఫిబ్రవరంటే
గేటు ఇంకా ఫర్లాంగు దూరముండంగనే తుమ్ములు.
ఆటో డ్రైవర్ తుమ్ముతడు, అడ్తి సేటు తుమ్ముతడు,
బస్తాల నీడకు పన్న కుక్క తుమ్ముతది.
దడ్వాయి తూకం చెప్పుకుంట తుమ్మితే
దాన్ని గూడ సున్నా అనుకొని రాసుకుంటరని
మా మామ నవ్వేటోడు.

ఇక్కడ ఎవ్వరు తుమ్మలేదు.
నిలువెత్తు స్టీలు ట్యాంకులు,
గాజు కిటికీల నుంచి చూస్తే లోపల ఎర్రటి తేనె.
రంగు ఒక డ్రమ్ముల, కారం ఒక డ్రమ్ముల.
రంగు పెదవులకు పోతదట,
కారం మోకాళ్ల నొప్పుల పట్టీలకు.
మిరపకాయను గిట్ల వేరు పాలు పెట్టొచ్చని
నాకు ఇన్నేండ్లు తెల్వదు.

క్వాలిటీ గదిల మారైకె అనే ఆమె
చిన్న డబ్బీ తెరిచింది.
దూది మీద పండబెట్టి ఉన్నది
ఒక తొడిమె.
వంకరది, ఎండింది, గోరంత.
"దీనికోసమే ఒక లాట్ మొత్తం తిప్పి పంపినం" అన్నది.
"సప్లయర్ క్రమశిక్షణ, రాసుకోండి" అన్నడు విద్యాసాగర్ సార్.
అందరు రాసుకున్నరు. నస్రీన్ ఫోటో తీసింది.

మా అమ్మ సారక్క
కోల్డ్ స్టోరేజీ షెడ్డుల తొడిమెలు తీస్తది, కిలోకింతని.
ఫోన్ మోగితే మోచేతితోని స్పీకర్ల పెడ్తది.
చిన్నప్పుడు నా జడ నాయిననే అల్లేటోడు,
అమ్మ చేతులకు మంటని కాదు
నా కండ్లకు మంటని.
పదో తరగతి దాక వంకర జడతోనే పోయిన.

ఈ ఒక్కటి ఎప్పుడు జారిపోయి ఉంటది?
పాస్‌పోర్ట్ వచ్చిందే అమ్మా అని
నేను ఫోన్ల ఒర్లిన నిమిషంలనా?
పిచ్చి ఆలోచన. అది గుంటూరుదో, ఖమ్మందో, ఏ దేశందో.
లాట్ నంబర్ అడిగిన.
చెప్పరాదన్నది.
తొడిమె తీసినందుకు కిలోకు ఎంత లెక్క కడతరని అడిగిన.
మంచి ప్రశ్న అని నవ్వి
కంప్యూటర్ల కిందికి, ఇంకా కిందికి జరిపింది.
ఆ గడి ఆ షీట్ల లేదు.

ఇంటికొచ్చి అమ్మకు అన్ని చెప్పిన,
పూల వేలం, చీజు, దూది మీద తొడిమె.
తలుపు కాడ కూసొని చేతులకు మజ్జిగ రాసుకుంట విన్నది.
"దూదిల పెట్టిండ్రా!" అని మొదలు నవ్వింది.
తర్వాత చేతులాపి:
"తిప్పి పంపిండ్రంటే, అవి మల్ల ఓడెక్కినయా?
వానకు తడిసినయా?
మల్లొక్కసారి కూసొని ఎవలు ఏరిండ్రే వాటిని?"

ఇరవై రెండు మందిమి,
ఒక్కలం అడగలేదు.
నలభై పేజీల రిపోర్టు ఒడిల పెట్టుకొని కూసున్న.
అమ్మ లేచి కొంగు దులిపింది.

పది రోజులకు తుమ్మిన.
వెంటనే ఇంకొకటి.
"ఒంటి తుమ్ము గాదు, మంచిదే" అనుకుంట
పొయ్యి కాడికి పోయింది.